‘మూడోసారి’ అనేదెవరు? డొమైన్ వేలాల్లో ముగింపు గడియారం కథ

క్లుప్తంగా: ఆన్‌లైన్ డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా పేర్ల) వేలాల్లో తగాదాలు ఎక్కువగా చివరి ఐదు నిమిషాల చుట్టూనే తిరుగుతాయి. వేలం మొత్తం ఎన్ని రోజులు నడిచిందన్నది పెద్ద విషయం కాదు. ఆఖరి పాట పడ్డాక ఎదుటివాడికి జవాబిచ్చే వ్యవధి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ వ్యవధి ఇస్తూనే వేలం తెల్లవార్లూ సాగకుండా చూడాలంటే, నిమిషాలు కోయడం కన్నా కనీస పెంపును (ప్రతి కొత్త పాట ముందుదాని మీద తప్పక పెంచాల్సిన మొత్తాన్ని) పెంచడం మేలు. గడియారం ఆగిన తర్వాత వర్తించే షరతులు కూడా ముగింపు నిబంధనల్లో భాగమే.

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం 1994లో 450 రూపాయల దగ్గర ముగిసింది. 2025లో 35 లక్షలకు వెళ్లింది. ఈ ముప్పై ఏళ్లలో ధర మారింది, పాడేవాళ్లు మారారు, ముందస్తు డిపాజిట్ లాంటి షరతులు వచ్చాయి. పాట ముగించే తీరు మాత్రం అదే. కొత్త పాట రాకపోతే ‘ఒకటోసారి’ అంటారు. కాసేపు ఆగి ‘రెండోసారి’ అంటారు. మళ్లీ జనం వైపు చూస్తారు. ఎక్కడైనా ఒక చెయ్యి లేచిందా, లెక్క మొదటికి వస్తుంది. ‘మూడోసారి’ అన్నాకే లడ్డూ ఎవరిదో తేలుతుంది.

రెండో పిలుపుకీ మూడో పిలుపుకీ మధ్య ఉండే ఆ విరామం ఆచారంలా కనిపిస్తుంది గానీ, నిజానికి అదొక నిబంధన. ఓడిపోబోయేవాణ్ని ‘ఇంకేమైనా ఉందా’ అని అడగడం దాని పని. ఆన్‌లైన్ వేలంలో ఇలా అడిగే మనిషి ఉండడు. ఎక్కడో ఒక సర్వర్‌లో గడియారం వెనక్కి నడుస్తుంటుంది. అది సున్నాకు చేరినప్పుడు ఏం జరగాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. మాదాపూర్‌లో స్టార్టప్ పెట్టి మంచి డాట్‌కామ్ పేరు కోసం తొలిసారి వేలానికి దిగేవాళ్లు తడబడేది ఇక్కడే. ధర గురించి వారం రోజులు లెక్కలు వేసుకుంటారు. వేలం ఎలా ముగుస్తుందో చెప్పే పేరా మాత్రం చదవరు.

వేలానికొచ్చే పేర్లు ఎక్కడివి

డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు. డాట్‌కామ్ అయితే ఏడాది నుంచి పదేళ్ల వరకు రిజిస్టర్ చేయించుకుని, గడువు దగ్గర పడినప్పుడల్లా రెన్యువల్ చేసుకుంటూ పోవాలి. గడువుకు దాదాపు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి, గడువు దాటిన ఐదు రోజుల్లోపు ఇంకోసారి పేరు అమ్మిన రిజిస్ట్రార్ కంపెనీ గుర్తుచేయాలని, డొమైన్ పేర్లను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నిబంధన. అప్పటికీ డబ్బు కట్టకపోతే, గరిష్ఠంగా 45 రోజుల పాటు పేరు రిజిస్ట్రార్ చేతిలో ఉంటుంది. ఆ తర్వాత తొలగిస్తే 30 రోజుల విమోచన గడువు (పాత యజమాని విడిపించుకోవచ్చు), ఆపైన 5 రోజుల నిరీక్షణ. అది కూడా దాటితే పేరు మళ్లీ అందరికీ అందుబాటులోకి వస్తుంది.

పెద్ద రిజిస్ట్రార్లు అంతదాకా ఆగరు. ఆ 45 రోజుల లోపలే పేరును వేలానికి పెడతారు. అలాంటి పెద్ద రిజిస్ట్రార్ గోడాడీలో గడువు తీరిన పేర్ల వేలం పది రోజులు నడుస్తుంది. వేలంలో అమ్ముడుపోని పేర్లు చివరికి తొలగింపు దాకా వెళ్తాయి. అక్కడ పాట ఉండదు, పరుగు పందెమే. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో డాట్‌కామ్ పేర్లు రాలడం మొదలవుతుంది. అప్పటికి హైదరాబాద్‌లో వేసవిలో రాత్రి 11.30, చలికాలంలో 12.30. పేరు రాలిన మిల్లీసెకన్లలోనే ఎవరో ఒకరు పట్టేస్తారు. ఈ పందెంలో గెలవడానికి కొన్ని కంపెనీలు వందల కొద్దీ రిజిస్ట్రార్ అక్రెడిటేషన్లు (అనుమతులు) కొనిపెట్టుకున్నాయి. ఎన్ని ఉంటే రిజిస్ట్రీ (డాట్‌కామ్ పేర్ల మూల జాబితా నడిపే సంస్థ) తలుపు అన్నిసార్లు తట్టవచ్చు మరి.

ఎవరిది పేరు అన్నది సమయమే తేలిస్తే ఏమవుతుందో ఈ పందెం చూపిస్తుంది. వేగం అమ్మకపు సరుకైపోతుంది. డబ్బు పేరు మీద కాకుండా సర్వర్ల మీద ఖర్చవుతుంది. వేలంలో ముగింపు నిబంధన సరిగ్గా లేకపోతే అక్కడా ఇదే జరుగుతుంది, కాకపోతే చిన్న స్థాయిలో.

గడియారం మూడు రకాలు

మొదటిది నిక్కచ్చి ముగింపు. రాత్రి 9.30 అంటే 9.30కే. 9.29 నిమిషాల 58 సెకన్లకు పడిన పాట చెల్లుతుంది, 9.30 దాటి ఒక్క సెకను అయినా చెల్లదు. ఈబే ఈ పద్ధతితోనే పేరు తెచ్చుకుంది.

రెండోది పొడిగింపు. చివరి కొన్ని నిమిషాల్లో ఎవరైనా పాట వేస్తే గడువు ఆ మేరకు జరుగుతుంది. గోడాడీలో ఆఖరి ఐదు నిమిషాల్లో బిడ్ పడితే మరో ఐదు నిమిషాలు కలుస్తాయి. డొమైన్ వేదికల్లో చాలావాటిది ఇదే పోకడ. తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కోకాపేట నియోపోలిస్ ప్లాట్లను హెచ్ఎండీఏ, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే వేదిక మీద ఈ-వేలం వేసి, 2023లో ఎకరాకు 100.75 కోట్ల రికార్డు ధర పలికించినప్పుడు అందరూ అంకె గురించే మాట్లాడుకున్నారు. ఎంఎస్‌టీసీ వేలాల్లో కూడా చివరి నిమిషాల పాటకు గడువు దానంతటదే పెరుగుతుంది.

మూడోది దైవాధీనం. 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అంగుళం కొవ్వొత్తి వెలిగించి, అది ఆరిపోయే క్షణానికి ఎవరి పాట పైన ఉంటే వారికి సరుకు ఇచ్చేవారు. ఎప్పుడు ఆరుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ ముందే పాడతారని లెక్క. 1662లో అలాంటి వేలం చూసిన సామ్యుయెల్ పెప్స్ తన డైరీలో ఒక తమాషా రాసుకున్నాడు. మంట ఆరబోయే ముందు పొగ కిందికి దిగుతుందట. ఆ గుట్టు కనిపెట్టిన ఒకాయన సరిగ్గా ఆ క్షణంలో పాడి గెలుస్తున్నాడట. చివరి క్షణపు పాటకు అంత వయసుంది. కంప్యూటర్ యాదృచ్ఛిక సంఖ్యకు పొగ రాదు కాబట్టి ఈ పద్ధతి మళ్లీ వాడుకలోకి వచ్చింది. 2021లో పోల్కాడాట్ బ్లాక్‌చెయిన్ తన స్లాట్లను ఇలాగే వేలం వేసింది. ముందే పాడేలా చేయడంలో ఇది పనికొస్తుంది. ఓడినవాడికి మాత్రం సమాధానం దొరకదు: జవాబివ్వడానికి డబ్బుంది, కొవ్వొత్తి ఆరింది. మద్యం దుకాణాల లైసెన్సులకు లక్కీ డ్రా తీసినట్టే ఇదీ. డ్రా అయితే కనీసం డ్రా అనే చెబుతారు.

ఈబేకీ అమెజాన్‌కీ తేడా చెప్పిన లెక్కలు

నిక్కచ్చి ముగింపుకీ పొడిగింపుకీ బిడ్డర్ల ప్రవర్తనలో ఎంత తేడా వస్తుందో ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో కొలిచి చూపించారు. రోత్‌కు ఆ తర్వాత పదేళ్లకు నోబెల్ వచ్చింది. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది. అక్కడ పది నిమిషాల పాటు కొత్త పాట లేకుంటేనే వేలం ముగిసేది. ఈబేలో కంప్యూటర్ల వేలాల్లో 40 శాతం, పురాతన వస్తువుల వేలాల్లో 59 శాతం వాటికి ఆఖరి పాట చివరి ఐదు నిమిషాల్లో పడింది. అమెజాన్‌లో అదే రకం వేలాల్లో ఈ వాటా 3 శాతం దగ్గరే ఉంది. అనుభవం పెరిగేకొద్దీ ఈబేలో మరింత ఆలస్యంగా పాడటం నేర్చుకున్నారు. అమెజాన్‌లో అలా ఆగలేదు.

ఇందులో డొమైన్ కొనేవాళ్లు గమనించాల్సింది కంప్యూటర్లకీ పురాతన వస్తువులకీ ఉన్న తేడా. కంప్యూటర్ ధర దుకాణంలో అడిగితే తెలుస్తుంది. పాత విగ్రహం విలువ తెలిసినవాడికే తెలుస్తుంది. తెలిసినవాడు ముందే పాట వేస్తే, ఆ వస్తువులో ఏదో ఉందని మిగతావాళ్లకు చాటింపు వేసినట్టే. అందుకే ఆఖరి దాకా ఊరుకుంటాడు. డొమైన్ పేరు ఈ విషయంలో కంప్యూటర్ లాంటిది కాదు, విగ్రహం లాంటిది. ఒక్కటే ఉంటుంది, మార్కెట్ రేటు ఉండదు.

ఓ ఉదాహరణ. బిర్యానీ అనే మాటతో ఒక డాట్‌కామ్ పేరు నిక్కచ్చి ముగింపు వేలంలో ఉందనుకుందాం. హైదరాబాద్ బిడ్డర్ 900 డాలర్ల దాకా పెట్టగలడు, ప్రస్తుతానికి 500 దగ్గర పైన ఉన్నాడు. టెక్సస్‌లో ఉన్న మరొకరి మనసులోని లెక్క 700. అతను మూడు సెకన్లు మిగిలి ఉండగా 510 వేశాడు. హైదరాబాద్ ఫోన్‌లో ‘మీ బిడ్‌ను దాటారు’ అనే సందేశం మోగేసరికి వేలం ముగిసింది. 900 ఇవ్వగలిగినవాడు ఓడిపోయాడు, 700 దాటనివాడు గెలిచాడు. అమ్మినవాళ్లకు 700కు పైన రావాల్సిన చోట 510 వచ్చింది. ఈ ముగ్గురిలో లాభపడింది ఒక్కరే, అదీ ఎక్కువ ధర ఇవ్వడం వల్ల కాదు.

ముందే 900 అని గరిష్ఠ పాట పెట్టుకుంటే సరిపోయేది కదా అనవచ్చు. సిద్ధాంతంలో సరిపోతుంది. ప్రాక్సీ బిడ్ పనే అది: గరిష్ఠం చెబితే, ఎదుటివాడికన్నా ఒక మెట్టు పైన ఉండేలా యంత్రమే పాడుతుంది. అయినా జనం పెట్టరు, దానికి కారణాలున్నాయి. పేరు విలువ మీద తమకే పూర్తి నమ్మకం ఉండదు, ఇతరుల పాట చూసి సవరించుకోవాలనుకుంటారు. రెండో కారణం భయం. గరిష్ఠం ఎంతో వేదిక లోపలివాళ్లకు తెలిస్తే? ఈ భయం ఊరికే పుట్టింది కాదు. తమ ఉద్యోగి ఒకరు 2005 నుంచి మారుపేరుతో తమ వేలాల్లోనే బిడ్లు వేస్తూ వచ్చారని 2009 నవంబరులో స్నాప్‌నేమ్స్ అనే డొమైన్ వేలాల సంస్థ స్వయంగా ప్రకటించి, ఎక్కువ చెల్లించినవాళ్లకు తేడా సొమ్ము వడ్డీతో వెనక్కిస్తామంది. అలాంటి కథ ఒక్కటి చాలు, గరిష్ఠ పాట పెట్టే చెయ్యి వెనక్కి తగ్గడానికి.

ఐదు నిమిషాలు ఎక్కువా, తక్కువా

పొడిగింపు న్యాయమైనదని ఒప్పుకున్నాక వచ్చే ప్రశ్న: ఎంత? సందేశం రావాలి, చూడాలి, భాగస్వామికి ఫోన్ చేయాలి, లాగిన్ అవ్వాలి, కొత్త అంకె వేయాలి. ఒక్క నిమిషంలో ఇదంతా కుదరదు. అరగంట ఇస్తే వేలం తెగదు. ఐదు నుంచి పది నిమిషాల మధ్య స్థిరపడటానికి కారణం ఇదే.

పొడిగింపు మీద వచ్చే ప్రధాన ఫిర్యాదు వేలం అంతులేకుండా సాగుతుందని. ఇందులో నిజముంది, కానీ తప్పు పొడిగింపుది కాదు, కనీస పెంపుది. లెక్క వేస్తే తెలుస్తుంది. ధర 1,000 డాలర్ల దగ్గర ఉంది, ఇద్దరు పట్టుదలగా ఉన్నారు, ప్రతిసారీ ఐదు నిమిషాలూ పూర్తిగా వాడుకుంటున్నారు. కనీస పెంపు 10 డాలర్లయితే 2,000కు చేరడానికి వంద పాటలు, అంటే 500 నిమిషాలు పడుతుంది. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. అదే పెంపును ధరలో 5 శాతం చేస్తే పదిహేను పాటల్లో, గంటంబావులో 2,000 దాటుతుంది. 10 శాతమైతే ఎనిమిది పాటలు, నలభై నిమిషాలు.

కొందరు దీనికి మరో మందు చెబుతారు: పొడిగింపును క్రమంగా ఐదు నుంచి మూడు, ఆపైన ఒక నిమిషానికి తగ్గించాలని. చూడ్డానికి తెలివైన ఉపాయమే. ఒక నిమిషానికి దిగేసరికి మళ్లీ వేగవంతమైన నెట్, తెర ముందు కూర్చున్న మనిషి, లేదా సాఫ్ట్‌వేర్ ఉన్నవాడిదే పైచేయి. తలుపు దగ్గర ఆపిన దొంగను పెరటి దారిన రానిచ్చినట్టు. పెంపును పెంచడంలోనూ ఇబ్బంది ఉంది: ధర 2,000 దగ్గరుండి పెంపు 10 శాతమైతే, 2,150 దాకా సిద్ధపడినవాడు పాడలేడు. కానీ ఆ నష్టానికి ఒక హద్దుంది, అది అందరికీ ఒకేలా వర్తిస్తుంది, ముందే తెలుస్తుంది. కాబట్టి మొదటి రెండు గంటల పొడిగింపులో 5 శాతం, ఆ తర్వాత 10 శాతం అన్న నియమం నిమిషాలను కత్తిరించడం కన్నా మెరుగు.

పెద్ద వేలాలు ఈ చిక్కును మరోలా విప్పాయి. మన దేశంలో 2010లో జరిగిన 3జీ స్పెక్ట్రమ్ వేలం 34 రోజులు, 183 రౌండ్లు నడిచింది. అక్కడ గోడ మీద పిల్లిలా కూర్చుని చివర్లో దూకడం కుదరదు. ప్రతి రౌండ్‌లోనూ చురుగ్గా పాల్గొనకపోతే తర్వాతి రౌండ్లలో పాడే అర్హత తగ్గిపోతుంది. డాట్‌కామ్‌లా పేరు చివర వచ్చే ఒకే కొత్త తోక కోసం పలువురు దరఖాస్తు చేసినప్పుడు ఐకాన్ పెట్టే వేలంలో ధరే మెట్లు ఎక్కుతుంది. ఉండేవాళ్లు ఉంటారు, తప్పుకున్నవాళ్లు తిరిగి రాలేరు. రెండోవాడు తప్పుకున్న ధర దగ్గర పాట ఆగుతుంది. 2016లో డాట్‌వెబ్ ఈ దారిలోనే 13.5 కోట్ల డాలర్లకు చేరింది. మామూలు డాట్‌కామ్ వేలానికి ఇంత యంత్రాంగం అక్కర్లేదు గానీ, ఒక ముక్క అరువు తెచ్చుకోవచ్చు: పొడిగింపు మొదలయ్యాక కొత్త బిడ్డర్లకు ప్రవేశం లేదనడం. అప్పటిదాకా ఒక్క పాటైనా వేసినవాళ్లే కొనసాగాలి. పేరు రాలితే తమకు పట్టిపెట్టమని ముందే బ్యాక్‌ఆర్డర్ పెట్టుకున్నవాళ్లకే పరిమితమైన వేలాల్లో ఇది కొంతవరకు ఉన్నట్టే.

ఎవరి మధ్యాహ్నం, ఎవరి అర్ధరాత్రి

ముగింపు వేళను అమెరికా పశ్చిమ తీరం లెక్కన మధ్యాహ్నం 12 అని పెడితే, అది హైదరాబాద్‌లో వేసవిలో రాత్రి 12.30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 1.30. గంట మారడం ఒక చిక్కు, తేదీ మారడం అంతకన్నా పెద్ద చిక్కు. ‘14వ తేదీ ముగుస్తుంది’ అని చదివినవాడు 14 రాత్రి భోంచేసి కూర్చుంటే సరిపోతుందా, లేక 13 రాత్రే మేలుకోవాలా? మన లెక్కన అది 15 తెల్లవారుజాము. తేదీని చూసేవారి కాలమానంలో చూపించడం వేదికలకు పెద్ద పనేం కాదు. ముగింపు వేళను మాత్రం అందరికీ అనుకూలంగా పెట్టడం అసాధ్యం. అలాంటప్పుడు పొడిగింపు ఉన్నా నిద్రపోతున్నవాడికి ఐదు నిమిషాలు ఉపయోగపడవు. దూరదేశపు బిడ్డర్‌కు ప్రాక్సీ బిడ్ తప్ప గతి లేదు. గరిష్ఠ పాటను వేదిక రహస్యంగా ఉంచుతుందన్న నమ్మకం అందుకే ఇక్కడి కొనుగోలుదార్లకు అక్కడివాళ్లకన్నా ఎక్కువ అవసరం.

ఫోన్ తెర మీద కనిపించే కౌంట్‌డౌన్‌ను కూడా నమ్ముకోలేం. అది సర్వర్ గడియారానికి నకలు మాత్రమే, ఒకటి రెండు సెకన్లు వెనకబడవచ్చు. పొడిగింపు ఉన్నచోట ఆ తేడాతో పనిలేదు. నిక్కచ్చి ముగింపులో అదే కొంప ముంచుతుంది. చివరి నిమిషాల్లో సర్వర్ మొరాయిస్తే గడువు ఎంతసేపు పెరుగుతుందో నిబంధనల్లో ముందే రాసి ఉండాలి. రాసి లేకపోతే ఆ నిర్ణయం ఓడినవాడికి పక్షపాతంగానే కనిపిస్తుంది, నిజంగా కాకపోయినా.

గడియారం ఆగాక

వస్తు విక్రయ చట్టం 1930లోని 64వ సెక్షన్ వేలం గురించి రెండు మాటలు స్పష్టంగా చెబుతుంది. సుత్తి పడటంతోనో, ఆచారంలో ఉన్న మరో పద్ధతిలోనో ప్రకటించినప్పుడే అమ్మకం పూర్తవుతుంది, అప్పటిదాకా పాటను వెనక్కి తీసుకోవచ్చు. ధర పెంచడానికి అమ్మేవాడు దొంగపాటలు పాడిస్తే, ఆ అమ్మకాన్ని కొన్నవాడు రద్దు చేసుకోవచ్చు. విదేశీ వేదికల్లో నడిచేది వాళ్ల సొంత ఒప్పందం. వాటిల్లో వేసిన బిడ్ సాధారణంగా వెనక్కి రాదు.

గెలిచినవాడు డబ్బు కట్టకపోతే ఏం చేస్తారన్నది చాలామంది పట్టించుకోని షరతు. మరో వేలంలో మన బిడ్డర్ గరిష్ఠం 40,000 రూపాయలనుకుందాం. ఇంకో నిజమైన బిడ్డర్ 12,000 దగ్గర ఆగిపోయాడు. మూడో ఖాతా ఒకటి 41,000 దాకా లాగి గెలిచి, మాయమైంది. ‘రెండో స్థానం మీదే, 40,000 కట్టండి’ అని మెయిల్ వస్తుంది. ఎగవేసిన ఖాతా పాటలన్నీ తీసేసి మళ్లీ లెక్కిస్తే న్యాయమైన ధర పన్నెండున్నర వేల దగ్గర తేలుతుంది. పాటలను వెనక్కి తిప్పి లెక్కించే వేదిక ఒక రకం, ఆఖరి అంకెనే పట్టుకునే వేదిక ఇంకో రకం. ముందస్తు డిపాజిట్ ఈ బెడదను చాలావరకు తగ్గిస్తుంది. బాలాపూర్‌లో డిపాజిట్ అడగడం వెనక లెక్క కూడా ఇలాంటిదే.

డబ్బు కట్టే గడువు ఇక్కడివాళ్లకు మరో పరీక్ష. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధనతో కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట మూసే ఉంటాయి, ఖాతాదారే తెరుచుకోవాలి. అర్ధరాత్రి గెలిచి, కార్డు తిరస్కరణకు గురై, కస్టమర్ కేర్ లైన్‌లో ఉండగా గడువు కరిగిపోవడం కొత్తవాళ్లకు ఎదురయ్యేదే.

పేరు చేతికొచ్చినా కథ ముగియకపోవచ్చు. డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధంగా పుట్టిన సంస్థ అది. ఒకరి వ్యాపార నామాన్ని పోలిన పేరును వేలంలో ఎంత నిజాయితీగా గెలిచినా, అభ్యంతరం రావచ్చు.

ఇక పాత యజమాని. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ ఉందనుకుందాం. డొమైన్‌ను ఎప్పుడో మానేసిన ఉద్యోగి తన సొంత మెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. నెల ముందు, వారం ముందు, గడువు దాటాక వచ్చిన హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ ఇన్‌బాక్స్‌లోకే పోయాయి. వెబ్‌సైట్ రావడం లేదని విద్యార్థుల ఫోన్లు మొదలయ్యాకే విషయం తెలిసింది. అప్పటికి వేలం నడుస్తోంది, ముప్పై పాటలు పడ్డాయి. రిజిస్ట్రార్ పెట్టిన ఆఖరి తేదీ ఇంకా దాటకపోతే, వేలం ముగిసినా సరే, రెన్యువల్ సొమ్ము కట్టి పేరు వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు గెలిచిన బిడ్డర్‌కు డబ్బు వాపసు వస్తుంది, పేరు రాదు. వేలం పేజీలో కనిపించే గడియారం ఈ తేదీని చూపించదు.